చుక్కల వెలుగుకు లెక్క కట్టి.. బందరులో గ్రహణం చూసి..

ఏప్రిల్ నెల మధ్యలో మబ్బు లేని ఒక రాత్రి చూసుకుని, తొమ్మిది గంటల వేళకు హంసలదీవి వెళ్లండి. కృష్ణమ్మ సముద్రంలో కలిసేచోట నిలబడి దక్షిణం వైపు తిరగండి. చెయ్యి పూర్తిగా చాచి, పిడికిలి బిగించి, సముద్రం అంచు మీద ఆనించినట్టు పట్టుకోండి. ఆ పిడికిలి మీద ఇంకో అర పిడికిలి ఎత్తులో, మసగ్గా ఒక చిన్న చుక్క ఉంటుంది. ఊరి దీపాలు లేకపోతేనే కనిపిస్తుంది. పేరు ఈటా కెరీనే. చూడగానే ఇందులో ఏముంది అనిపిస్తుంది. నిజమే, ఇప్పుడేమీ లేదు.

కానీ 1843లో అదే చుక్క ఆకాశం మొత్తంలో రెండో స్థానంలో నిలిచింది. దానికన్నా ఎక్కువ మెరిసిన నక్షత్రం సిరియస్ ఒక్కటే. 7,500 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న చుక్క, దగ్గర్లో ఉన్న చుక్కలన్నింటినీ వెనక్కి నెట్టేసింది. అప్పట్లో దివిసీమలో వేటకెళ్లిన మన ముత్తాతలు తెల్లవారుజామున దాన్ని చూసే ఉంటారు. తర్వాత అది మెల్లగా మసకబారి, పాతికేళ్లు గడిచేసరికి మామూలు కంటికి కనిపించకుండా పోయింది. మళ్లీ ఇరవయ్యో శతాబ్దంలో కొంచెం కొంచెంగా తేరుకుంది.

అంత వెలుగు చిమ్మిందంటే నక్షత్రం పేలి చచ్చిపోయి ఉండాలి కదా? చావలేదు. పది సూర్యుళ్లకు మించిన పదార్థాన్ని బయటికి కక్కేసి, మళ్లీ సర్దుకుని కూర్చుంది. సూపర్‌నోవా అంటే పెద్ద నక్షత్రం చివరి పేలుడు. ఇది సూపర్‌నోవాలా కనిపించిన ఉద్గారం మాత్రమే. ఇలాంటివి వేరే గెలాక్సీల్లోనూ జరుగుతాయి. దూరం నుంచి చూస్తే అచ్చం సూపర్‌నోవా లాగే ఉంటాయి. శాస్త్రవేత్తలు వాటికి పెట్టిన పేరు వేషధారి అనే అర్థం వచ్చేదే. కూచిపూడి భాగవతుల పగటివేషాలు మీరు చూసి ఉంటే ఇదేమిటో వేరే చెప్పక్కర్లేదు. వేషం ఎంత బాగా కుదిరినా, ఎక్కడో ఒకచోట మనిషి దొరికిపోతాడు.

మరి చుక్క ఎక్కడ దొరుకుతుంది? రెండు చోట్ల. ఒకటి, అసలు ఎంత వెలుగు ఇచ్చిందన్న లెక్కలో. రెండు, ఆ వెలుగును రంగులుగా విడదీసి చూసినప్పుడు కనిపించే గీతల్లో. మొదటిదానికి కొలబద్ద తయారుచేసిన మనిషి, రెండోదాన్ని వాడడానికి మన బందరు వచ్చారు. ఆయన పేరు నార్మన్ రాబర్ట్ పాగ్సన్. ఈ పేజీలో ఐఏఎస్‌ల గురించి, స్టార్టప్‌ల గురించి చాలానే చదివి ఉంటారు. ఈసారి డిగ్రీ లేని ఒక ఖగోళ శాస్త్రజ్ఞుడి సంగతి చదవండి.

పాగ్సన్ 1829 మార్చి 23న ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో పుట్టారు. తండ్రిది మేజోళ్లు, అల్లికబట్టల వ్యాపారం. కొడుకు కూడా అందులోకే వస్తాడని ఇంట్లో అనుకున్నారు. ఆయన పదహారేళ్లకే బడి మానేశారు. లెక్కలంటే ఇష్టం కాబట్టి లెక్కలు చెప్పి బతకాలనుకున్నారు. పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి తోకచుక్కల కక్ష్యలు గుణించడం నేర్చుకున్నారు. దానికి తోడ్పడింది హైండ్ అనే ఖగోళ పరిశోధకుడు. ఆయన ద్వారానే లండన్‌లో జార్జ్ బిషప్ అనే ధనవంతుడి సొంత వేధశాలలో సహాయకుడి పని దొరికింది. అక్కడి నుంచి ఆక్స్‌ఫర్డ్‌లోని రాడ్‌క్లిఫ్ వేధశాలకు వెళ్లారు. అక్కడా సహాయకుడే. యూనివర్సిటీ ఊళ్లో ఉంటూ యూనివర్సిటీ పట్టా లేని ఉద్యోగి.

ఆ ఉద్యోగంలో ఉండగానే 1856లో రెండు పనులు చేశారు. ఒకటి, ఐసిస్ అనే చిన్న గ్రహాన్ని కనిపెట్టారు. కుమార్తె ఐసిస్ పేరే దానికీ వచ్చింది. ఆ అమ్మాయిని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది. రెండోది పేరుకు చిన్నదే గానీ, దాన్ని దాటి ఇప్పటికీ ఎవరూ వెళ్లలేదు.

అదేమిటో అర్థం కావాలంటే పెళ్లిలో చూపించే అరుంధతి దగ్గరికి వెళ్దాం. సప్తర్షుల్లో వశిష్ఠుడి పక్కన అరుంధతి ఉంటుంది. వశిష్ఠుడు బాగా కనిపిస్తాడు, అరుంధతి కళ్లు చికిలించి చూస్తేగానీ కనిపించదు. ఎంత తేడా? రెండువేల ఏళ్లుగా గ్రీకు పద్ధతిలో దీనికి ఒక జవాబు ఉంది. బాగా మెరిసే చుక్కలు మొదటి తరగతి, కంటికి అందీ అందకుండా ఉండేవి ఆరో తరగతి, మిగతావి మధ్యలో. బళ్లో ర్యాంకుల్లాగా అన్నమాట. ర్యాంకు చూసి ఎవరు ముందో చెప్పగలం గానీ, ఎన్ని మార్కుల తేడానో చెప్పలేం. టెలిస్కోపులు వచ్చాక ఏడు, ఎనిమిది, తొమ్మిది తరగతులు కూడా పుట్టుకొచ్చాయి. ఒక వేధశాల తొమ్మిది అన్నది ఇంకో వేధశాలకు పదకొండు అయ్యేది. ఎవరి అంచనా వాళ్లది.

పాగ్సన్ దానికి ఒక లెక్క కట్టారు. మొదటి తరగతి చుక్క ఆరో తరగతి చుక్క కన్నా దాదాపు నూరు రెట్లు వెలుగు ఇస్తుందని అప్పటికే కొందరు గమనించారు. ఐదు మెట్లకు నూరు రెట్లు అయితే ఒక్కో మెట్టుకు ఎంత? నూరుకు ఐదో మూలం, అంటే సుమారు 2.512. లాగరిథమ్స్ చదివిన ఎంపీసీ వాళ్లకు వెంటనే తడుతుంది, ఆ సంఖ్య లాగరిథమ్ సరిగ్గా 0.4. గుణించడానికి తేలిగ్గా ఉంటుందనే ఆయన దాన్ని ఎంచుకున్నారు. ఈ లెక్కలో వశిష్ఠుడు 2.2, అరుంధతి 4. తేడా మెట్టూ ముప్పావు. అంటే వశిష్ఠుడి వెలుగు అరుంధతికి ఐదు రెట్లు. అంతే, ర్యాంకు మార్కులయింది. ఇవాళ అంతరిక్షంలో తిరిగే టెలిస్కోపులు కూడా చుక్కల వెలుగును ఇదే నిష్పత్తితో చెబుతాయి. దాన్ని పాగ్సన్ నిష్పత్తి అనే అంటారు.

ఇలా కొలిచే అలవాటున్న మనిషికి మారే చుక్కలంటే ఆసక్తి ఉండడంలో వింత లేదు. రాత్రంతా కూర్చుని వెలుగు పెరిగే, తగ్గే నక్షత్రాలను కనిపెట్టేవారు. 1860 మే నెలలో ఒక విచిత్రం జరిగింది. వృశ్చిక రాశిలో ఎం80 అని ఒక నక్షత్ర గుచ్ఛం ఉంది. టెలిస్కోపులో దూది ఉండలా కనిపిస్తుంది. మే 28న పాగ్సన్ చూస్తే ఆ దూది ఉండ ఉండాల్సిన చోట గట్టిగా మెరుస్తున్న ఒక చుక్క ఉంది. వారం ముందే జర్మనీలో ఆవర్స్ అనే ఆయన దాన్ని చూశారని తర్వాత తెలిసింది. రెండు వారాల్లో ఆ చుక్క మాయమైంది, దూది ఉండ యథాతథంగా మిగిలింది. గుచ్ఛమే మారిందా, అందులోని ఒక నక్షత్రం రేగిందా, లేక మధ్యలో ఇంకేదైనా అడ్డొచ్చిందా? అప్పటికి తేల్చే దారి లేదు. నక్షత్రపు వెలుగును గీతలుగా విడదీసి చదివే విద్య అప్పుడప్పుడే పుడుతోంది. ఇప్పుడు మనకు తెలుసు, అది నోవా. అంటే చచ్చిపోయిన ఒక చిన్న నక్షత్రం, పక్క నక్షత్రం నుంచి లాక్కున్న వాయువు పైపొరలో అంటుకోవడం. సూపర్‌నోవా ముందు అది దీపావళి చిచ్చుబుడ్డి లాంటిది. ఈ 1860 నాటి చుక్క తర్వాత చాలామందిని తప్పుదారి పట్టించింది. ఆ కథ కాస్త ఆగి చెబుతాను.

అదే ఏడాది పాగ్సన్‌కు మద్రాసు వేధశాలలో ప్రభుత్వ ఖగోళజ్ఞుడి ఉద్యోగం వచ్చింది. 1861లో వచ్చి చేరారు. ఈ వేధశాలకూ మన బందరుకూ పాత చుట్టరికం ఉంది. 1792లో నుంగంబాకంలో దాన్ని నిలబెట్టిన మైకేల్ టాపింగ్ అనే సర్వేయరు, కృష్ణా గోదావరి నీళ్లను సాగుకు ఎలా మళ్లించవచ్చో కొలవడానికి ఈ ప్రాంతానికి వచ్చి, 1796 జనవరిలో బందరులోనే జ్వరంతో చనిపోయారు. సర్వే నేర్పడానికి మద్రాసులో ఆయన పెట్టిన బడే పెరిగి పెరిగి గిండీ ఇంజినీరింగ్ కాలేజీ అయింది. కౌన్సెలింగ్‌లో ఆ పేరు చూసే కుర్రాళ్లకు ఈ సంగతి తెలియదనుకుంటా.

పాగ్సన్ వచ్చీరాగానే, 1861 ఏప్రిల్ 17న ఒక చిన్న గ్రహాన్ని పట్టుకున్నారు. ఆసియా ఖండం నుంచి కనిపెట్టిన మొట్టమొదటి చిన్న గ్రహం అదే. అందుకే దాని పేరు ఆసియా. తర్వాత సఫో, సిల్వియా, కమిల్లా.. మొత్తం మీద ఆయన ఖాతాలో ఎనిమిది ఉన్నాయి. ఇదంతా ఆయన ఒక్కడి చేతి పని అనుకుంటే పొరపాటు. ఆ వేధశాలలో అప్పటికే చింతామణి రఘునాథాచారి ఉన్నారు. పంచాంగం గుణించే కుటుంబంలో పుట్టి, చిన్న వయసులోనే వేధశాలలో చేరి, పెద్ద టెలిస్కోపు దగ్గర వేల రాత్రులు గడిపిన మనిషి. 1867లో ఆయన రెటిక్యులమ్ రాశిలో ఒక మారే చుక్కను కనిపెట్టారు. ఆధునిక పద్ధతిలో భారతీయుడు కనిపెట్టిన తొలి చరనక్షత్రంగా దాన్ని చెబుతారు. 1872లో లండన్ రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయన్ని ఫెలోగా తీసుకుంది.

ఇక 1868. ఆ ఏడాది ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. నీడ దారి మన నేల మీదుగా పోతుంది. వనపర్తి, గుంటూరు, బందరు.. అన్నీ ఆ దారిలోనివే. ఐదు నిమిషాలకు పైగా సూర్యుడు పూర్తిగా మూసుకుపోతాడు. అంతసేపు చీకటి ఎప్పుడో గానీ దొరకదు. ప్రపంచమంతా ఇటు చూసింది. ఫ్రాన్స్ నుంచి జాన్సెన్, బ్రిటిష్ ప్రభుత్వం తరఫున టెనంట్ గుంటూరు చేరారు. రఘునాథాచారి తన జట్టుతో హైదరాబాద్ రాజ్యంలోని వనపర్తికి వెళ్లారు. పాగ్సన్ బందరు వచ్చారు.

ఆ బందరు ఎలా ఉందో ఊహించండి. నాలుగేళ్ల కిందటే, 1864 నవంబరు 1 రాత్రి, ఉప్పెన ఊరి మీద పడింది. దాదాపు 30 వేల మంది పోయారు. 1977 నవంబరు 19 గురించి దివిసీమలో మీ తాతయ్యనో అమ్మమ్మనో అడిగితే కళ్లనీళ్లతో చెబుతారు కదా, దానికి నూట పదమూడేళ్ల ముందటి మాట ఇది. ఊరు ఇంకా కోలుకోలేదు. బెజవాడ ఆనకట్ట కట్టి పదమూడేళ్లయింది గానీ, బందరుకు రైలు లేదు. ఆ ఊరికి గాజు పట్టకాలు, టెలిస్కోపులు, గడియారాలు మోయించుకుని ముప్పై తొమ్మిదేళ్ల దొర వచ్చాడు. ఆగస్టు అంటే ఇక్కడ వానలు. మబ్బు పడితే అంతా వృథా.

మబ్బు ఆయన్ని కరుణించింది. ఉదయం పూట సూర్యుడు మూసుకున్నాడు. నల్లటి బిళ్ల అంచుల్లో ఎర్రటి మంటలు లేచాయి. పాగ్సన్ వాటి వెలుగును స్పెక్ట్రోస్కోపులో చూశారు. అందులో ఇంద్రధనుస్సు లాంటి పట్టీ కాకుండా, చీకట్లో విడివిడిగా మెరిసే గీతలు కనిపించాయి. దీని అర్థం చాలా పెద్దది. గట్టి వస్తువు వేడెక్కితే పట్టీ వస్తుంది, పలచటి వాయువు వేడెక్కితే గీతలు వస్తాయి. అంటే ఆ మంటలు వాయువులు. గుంటూరులోనూ ఇదే తేలింది. హైడ్రోజన్ గీతలు దొరికాయి. వాటితోపాటు ఒక పసుపు గీత కూడా ఉంది.

ఆ పసుపు గీతను సోడియం అనుకోవడం తేలిక. ఉప్పు రవ్వ నిప్పులో వేస్తే వచ్చే పసుపు అది. గ్రహణం చూసినవాళ్లలో చాలామంది అలాగే అనుకున్నారు. అది సోడియం గీతకు దగ్గర్లోనే ఉంది గానీ సరిగ్గా ఆ చోటులో లేదని గమనించిన తొలివాళ్లలో బందరులో ఉన్న పాగ్సన్ ఒకరు. ఉన్నది ఐదారు నిమిషాలు. అందులో గీత ఎక్కడుందో వెంట్రుకవాసి తేడాతో చూడాలి. అదే ఏడాది అక్టోబరులో లండన్‌లో లాకియర్ గ్రహణం లేకుండానే ఆ గీతను చూసి, అది సోడియం కాదని తేల్చారు. భూమ్మీద తెలియని మూలకం అన్నారు, సూర్యుడి పేరు మీద హీలియం అని పిలిచారు. చాలామంది నమ్మలేదు. 1895లో విలియం రామ్సే యురేనియం ఖనిజంలోంచి హీలియం బయటికి తీశాకగానీ గొడవ తీరలేదు.

పాగ్సన్ పేరు ఆ కథలో ఎందుకు వినపడదు? ఆయన తన నివేదికను మద్రాసు ప్రభుత్వానికి ఇచ్చారు. అది మద్రాసులోనే అచ్చయింది. లండన్, పారిస్ వాళ్లు చదివే శాస్త్ర పత్రికలకు వెళ్లలేదు. జాన్సెన్ గ్రహణం అయిన మర్నాడే గుంటూరులో గ్రహణం లేకుండా సూర్యుడి మంటలు చూసే పద్ధతి పట్టుకుని, పారిస్‌కు ఉత్తరం రాశారు. పాగ్సన్ అలా రాయలేదు. ఒక్క హీలియం విషయంలోనే కాదు, ఈ పొరపాటు ఆయన జీవితమంతా ఉంది. చూసింది చూసినట్టు నోటు పుస్తకాల్లో నింపడం, ఇంకా సరిగ్గా కొలిచాక అచ్చేద్దాం అనుకోవడం. చరనక్షత్రాల మీద పెద్ద అట్లాస్ తయారుచెయ్యాలని మొదలుపెట్టి పూర్తి చెయ్యలేదు. ఇక్కడ ఒక మాట ఆయన తరఫున కూడా చెప్పాలి. ఉన్న సిబ్బంది కొద్దిమంది. వాతావరణం లెక్కలు, ఊరికి సరైన సమయం చెప్పడం, నక్షత్రాల పట్టిక అన్నీ వాళ్లే చూడాలి. లండన్‌లోని పెద్దలు పరిశీలనలు ఆపి ముందు పాతవి అచ్చెయ్యమనేవారు. ఆయన ఒప్పుకోలేదు. ఆకాశం రేపటికి ఆగదనేది ఆయన వాదన. వాదన సగం నిజమే. మిగతా సగానికి ఆయన పేరు మూల్యంగా పోయింది.

అదే మనిషి 1872లో మరో చిక్కులో పడ్డారు. బీలా తోకచుక్క అని ఒకటి, ముందు రెండుగా చీలి, తర్వాత కనిపించకుండా పోయింది. 1872 నవంబరు 27న అది ఉండాల్సిన దారిలోంచి ఉల్కల వాన కురిసింది. తోకచుక్క భూమిని రాసుకుని వెళ్లి ఉంటుందని జర్మనీలో క్లింకర్‌ఫ్యూస్ అనుకున్నారు. అలాగైతే అది ఇప్పుడు దక్షిణాకాశంలో కనిపించాలి. అక్కడి నుంచి చూసేందుకు ఎవరున్నారు? మద్రాసుకు టెలిగ్రాం కొట్టారు. పాగ్సన్ తెల్లవారుజామున, చెప్పిన దిక్కులో వెతికారు. డిసెంబరు 2, 3 తేదీల్లో నిజంగానే అక్కడ ఒక తోకచుక్క కనిపించింది! తర్వాత మబ్బులు కమ్మాయి. రెండు రోజుల కొలతలతో కక్ష్య తేలదు, కనీసం మూడు కావాలి. తీరా తర్వాత గుణించి చూస్తే, ఆ చోటు బీలాకు కుదరలేదు. వెతికింది ఒకటి, దొరికింది వేరొకటి. పోలిక ఉన్నంత మాత్రాన అదే ఇది కాదని, మూడో కొలత లేకుండా చెప్పలేమని ఇంతకన్నా తేటగా చూపే ఉదాహరణ నాకు కనపడలేదు.

ఆ మరుసటి ఏడాది, 1873లో, కుమార్తె ఐసిస్ వేధశాలలో సహాయకురాలిగా చేరారు. తల్లి 1869లో చనిపోయారు, ఇంటి నిండా తమ్ముళ్లూ చెల్లెళ్లూ. ఇల్లు చూసుకుంటూ రాత్రిళ్లు తండ్రితో పరిశీలనలు, పగలు గుణింపులు. 1881లో మద్రాసు ప్రభుత్వానికి వాతావరణ రిపోర్టరు అయ్యారు. తుపాన్ల తీరంలో ఆ ఉద్యోగం అంటే ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు. 1886లో తండ్రి ఆమె పేరును రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఫెలోషిప్‌కు ప్రతిపాదించారు. స్త్రీలను తీసుకోవడానికి నిబంధనలు ఒప్పుకోవని న్యాయవాదులు చెప్పడంతో ప్రతిపాదన వెనక్కి తీసుకున్నారు. ఫెలో అయ్యింది 1920లో. అప్పటికి ఆమెకు అరవై ఎనిమిదేళ్లు.

ఇప్పుడు ఇందాక ఆపిన కథకు వద్దాం. 1885లో ఆండ్రొమెడా అనే మసక మేఘంలో ఒక కొత్త చుక్క పుట్టింది. చూసినవాళ్లకు ఏం గుర్తొచ్చింది? 1860లో ఎం80లో పాగ్సన్ చూసిన చుక్క. ఇదీ అలాంటి నోవాయే అనుకున్నారు. అలా అనుకుంటే ఆండ్రొమెడా మన పక్కనే, మన పాలపుంతలోనే ఉండాలి. అది వేరే గెలాక్సీ అంత దూరంలో ఉంటే, పాగ్సన్ మెట్ల లెక్క ప్రకారం ఆ ఒక్క చుక్క వెలుగు నమ్మశక్యం కాకుండా పోతుంది. 1920 దాకా పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు ఈ కారణం చూపించే, వేరే గెలాక్సీలు లేవని వాదించారు. ఆండ్రొమెడా నిజంగానే వేరే గెలాక్సీ అని 1920ల్లో హబుల్ తేల్చాక అర్థమైంది.. నమ్మశక్యం కాని ఆ వెలుగు నిజమే. 1934లో బాడే, జ్వికీ దీన్ని వేరే జాతిగా విడదీసి సూపర్‌నోవా అన్నారు. నోవాను సూపర్‌నోవాతో పోల్చి చేసిన తప్పుకు విశ్వం సైజే తప్పిపోయింది!

తర్వాత ఇంకో పక్క నుంచి చిక్కు వచ్చింది. 1961లో ఎన్‌జీసీ 1058 అనే గెలాక్సీలో ఒక పేలుడు కనిపించింది. జ్వికీ దాన్ని పరిశీలించి, మామూలు సూపర్‌నోవాల లెక్కలో ఇది పడదన్నారు. ఐదో రకం అని పేరు పెట్టి, ఈటా కెరీనే పక్కన కూర్చోబెట్టారు. ఆ నక్షత్రం నిజంగా చచ్చిందా లేదా అన్న వాదన ఇప్పటికీ నడుస్తోంది. 2000 నాటికి వాన్ డైక్ అనే శాస్త్రవేత్త బృందం, 1997లో కనిపించిన మరో చుక్క విషయంలో వేషధారి అనే మాట వాడింది. ఆ పేరే నిలిచింది.

ఎలా పట్టుకుంటారో ఇప్పుడు మీరే గుణించవచ్చు. అన్ని చుక్కలనూ ఒకే దూరంలో పెట్టి చూస్తే పెద్ద నక్షత్రం సూపర్‌నోవా సుమారు మైనస్ 17 దాకా వెళ్తుంది. వేషధారి మైనస్ 14 దగ్గర ఆగిపోతుంది. మూడు మెట్ల తేడా. 2.512ను మూడుసార్లు గుణించండి, దాదాపు పదహారు రెట్లు. కానీ అంతటితో తీర్పు ఇవ్వకూడదు. మధ్యలో దుమ్ము అడ్డుంటే నిజమైన సూపర్‌నోవా కూడా మసగ్గా కనిపిస్తుంది. అందుకని స్పెక్ట్రోస్కోపు. నిజమైన పేలుడులో పదార్థం సెకనుకు పదివేల కిలోమీటర్ల వేగంతో చిమ్ముతుంది, హైడ్రోజన్ గీత వెడల్పుగా సాగిపోతుంది. వేషధారిలో వేగం వందల కిలోమీటర్లే, గీత సన్నగా ఉంటుంది. అయినా కొన్నిసార్లు నిజమైన పేలుడు కూడా, చుట్టూ ఉన్న పాత వాయువును గుద్దుకుని సన్న గీతలు చూపిస్తుంది. అప్పుడు చివరి పరీక్ష ఒక్కటే. కొన్నేళ్లు ఆగి, పెద్ద టెలిస్కోపుతో అదే చోటు చూడాలి. నక్షత్రం ఇంకా ఉందా?

2009లో ఎన్‌జీసీ 7259 గెలాక్సీలో ఒకటి కనిపించింది. సూపర్‌నోవా అని నంబరు ఇచ్చేశారు. కొద్ది రోజుల్లోనే కాదు, వేషమే అని తేలింది. నక్షత్రం బతికే ఉంది, మళ్లీ మళ్లీ రేగింది. 2012లో అదే చుక్క ఒక్కసారిగా అంతకు ముందెన్నడూ లేనంతగా వెలిగింది. ఈసారి నిజంగానే పేలిందని చాలామంది అంటున్నారు. పులి వచ్చె నాన్నా కథ తెలుసుగా!

ఈ పని మీద మనసుపడితే దారులున్నాయి. బీఎస్సీ ఫిజిక్స్ లేదా బీటెక్ చేసి, జామ్, జెస్ట్, గేట్ లాంటి పరీక్షలు రాసి బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్, పుణెలోని ఐయూకా, ముంబయి టీఐఎఫ్ఆర్, నైనిటాల్ ఏరీస్ లాంటి చోట్లకు వెళ్లవచ్చు. హైదరాబాద్‌లో ఉస్మానియా యూనివర్సిటీలో ఆస్ట్రానమీకి ప్రత్యేక విభాగమే ఉంది. లద్దాఖ్‌లోని హాన్లేలో బెంగళూరు సంస్థ, ఐఐటీ బాంబే కలిసి పెట్టిన 70 సెంటీమీటర్ల టెలిస్కోపు ఉంది. రాత్రికి రాత్రి పుట్టుకొచ్చే చుక్కల వెంట పడడమే దాని పని. చిలీలో కొత్తగా కళ్లు తెరిచిన రూబిన్ వేధశాల రోజూ పంపే హెచ్చరికలు మనుషులు చదవలేనన్ని. వాటిని జల్లెడ పట్టే కోడ్ రాసేవాళ్లు కావాలి, అంటే కంప్యూటర్ సైన్స్ వాళ్లకూ చోటుంది. ఇంకా డిగ్రీ దాకా రాకపోయినా ఫర్వాలేదు. మారే చుక్కలను కంటితోనో బైనాక్యులర్‌తోనో చూసి వెలుగు అంచనా కట్టి పంపే ఔత్సాహికుల సంఘాలు ప్రపంచమంతా ఉన్నాయి. పక్కనున్న రెండు చుక్కలతో పోల్చి, మెట్టులో పదో వంతు దాకా చెప్పడం కొన్ని నెలల సాధనతో వస్తుంది. ఒక్కటే షరతు, చూసిన రాత్రే తేదీ, సమయంతో రాసి పంపెయ్యాలి.

పాగ్సన్ 1891 జూన్ 23న మద్రాసులో కాలేయ క్యాన్సర్‌తో చనిపోయారు. ముప్పై ఏళ్లు అక్కడే పనిచేశారు. ఆయనా రఘునాథాచారీ కొలిచిన వేల నక్షత్రాల లెక్కలు పుస్తకాలుగా రావడం చివరి రోజుల్లో మొదలై, ఆయన పోయాక మైకీ స్మిత్ చేతుల మీదుగా పూర్తయింది. హీలియం భూమ్మీద దొరకడానికి ఇంకా నాలుగేళ్లుంది. వేధశాల పని 1899లో కొడైకెనాల్ కొండ మీదికి మారింది. నుంగంబాకంలో ఇప్పుడు వాతావరణ కేంద్రం ఉంది. బంగాళాఖాతంలో వాయుగుండం పడినప్పుడు టీవీలో చెన్నై వాతావరణ కేంద్రం అని చెబుతారే, అదే ఆవరణ. అందులో 1792 నాటి గ్రానైట్ స్తంభం ఒకటి ఇంకా నిలబడి ఉంది, పాత టెలిస్కోపును మోసినది. దాని మీద చెక్కిన అక్షరాల్లో లాటిన్ ఉంది, తమిళం ఉంది, తెలుగూ ఉంది.